కొత్తమాసకు ముందు ఒక చాక్లెట్ బారు

“చాక్లెట్ తిని రమ్మని రైలు టిక్కెట్టు కొనిచ్చేవాళ్ళు కూడా ఉన్నారా!” అని మా ఆయన పగలబడి నవ్వాడు. నవ్వితే నవ్వాడు లెండి. సాంబారుకీ పప్పుపులుసుకీ తేడా తెలియని మనిషి. నేను మారుమాట్లాడకుండా సంచి సర్దుకున్నాను.

మాది కొత్తవలస. అరకు లోయ నుంచి దిగే కాఫీ గింజల్ని ఒక వ్యాపారి దగ్గర రుచి చూసి, ఇది మేలు రకం, ఇది నాసి అని చెప్పడం నా ఉద్యోగం. రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు మార్చి నెలలో, విశాఖపట్నంలో మిఠాయి దుకాణం నడిపే ఒకాయన నాకు ఫోన్ చేశాడు. పాలు, పరిమళాలు ఏవీ కలపకుండా కోకో గింజలూ పంచదారతో మాత్రమే చేసే నల్ల చాక్లెట్ బార్లు మన వైపు మూడు చోట్ల తయారవుతున్నాయట. మూడింట్లో ఒకటి ఎంచి ఏడాది పొడుగునా తన దుకాణంలో అమ్ముతానన్నాడు. తీర్పరులం ముగ్గురం. అందులో నా వంతు పని ఏమిటంటే, తయారీ చోటికి వెళ్ళి అక్కడ ఒక బారు రుచి చూసి, మరికొన్ని నా చేత్తో విజయనగరం తీసుకురావాలి. మిగతా ఇద్దరూ ఏది ఎవరిదో తెలియకుండా రుచి చూస్తారు.

ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకు రైళ్ళూ బస్సులూ అన్నీ చెబుతాను. చాక్లెట్ చేసే ఊరి పేరు మాత్రం రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మొదటి రోజు గజపతినగరం. విజయనగరంలో రాయగడ వైపు బండెక్కితే గంటలోపే. అక్కడ ఒక కుర్రాడు మేడ మీద గదిలో బార్లు చేస్తున్నాడు. కాగితం మీద బొమ్మ చాలా బాగుంది. నోట్లో పెట్టుకుంటే మాత్రం పాతబడ్డ చింతపండు పులుపు. గింజలు సరిగ్గా పులవకుండానే ఎండలో వేసేశాడన్నమాట. ఆ మాట మొహం మీదే చెప్పాను. కాఫీ ఇవ్వబోతున్నవాడు కప్పు వెనక్కి తీసుకున్నాడు. విశాఖ నగరంలో చేసే రెండో బారు ఎలాగూ కొరియర్లో వచ్చేసింది. అది తప్పు పట్టడానికి లేదు, మెచ్చుకోవడానికీ లేదు. ఇక మిగిలింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం.

రాత్రి విజయనగరం స్టేషన్ ఎదుట లాడ్జిలో పడుకుని, పొద్దున్న ఆరున్నరకు బరంపురం ప్యాసింజరు ఎక్కాను. ఇడ్లీ తిందామంటే కారప్పొడి వేస్తారేమోనని భయం. రుచి చూసే రోజు కారం, ఉల్లి, వక్కపొడి నేను ముట్టను. చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస దాటేదాకా మంచినీళ్ళూ మరమరాలే. తిలారు దగ్గర ఒకడు వేడి వేడి మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. నియమం గాలికి పోయింది. ఒక్కటి తిన్నాను. తిన్నాక నన్ను నేనే తిట్టుకున్నాను.

నౌపడలో ఎండుచేపల గంపతో ఒక పెద్దావిడ ఎక్కి సరిగ్గా నా పక్కనే దించింది. నాకు ముక్కే జీవనాధారం. లేచి తలుపు దగ్గరికి వెళ్ళబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఏటమ్మా, సేప వాసన పడదేటి? ఎక్కడికి ఎల్తన్నావు?”

చెప్పాను. ఆవిడ ఎదురు బల్ల మీదివాళ్ళందరికీ వినబడేలా, “సూసినార్రా, సాక్లెట్టు తిన్నందుకు ఈయమ్మకి జీతవిత్తారట! మా మనవలు ఒట్టినే తినెత్తన్నారు, నాకు తెల్లేదు సుమీ!” అంది. పెట్టె పెట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను, తలుపు దగ్గర నిలబడే.

సోంపేట స్టేషన్ అన్న పేరేగాని అది ఉన్నది కంచిలిలో. పదిన్నరకు దిగాను. అక్కడి నుంచి కవిటి వైపు షేర్ ఆటో, ఆ తరువాత కొబ్బరి తోటల మధ్య కొంత నడక. మార్చి కదా, ప్రతి వాకిట్లోనూ జీడిపిక్కలు ఆరబోసి ఉన్నాయి. రోడ్డు పక్క పాకల్లో ఆ పిక్కలు కాలుస్తున్నారు. ఎక్కడ చూసినా సన్నటి పొగ.

నేను వెళ్ళిన ఇల్లు తోటలోనే ఉంది. కొబ్బరి చెట్ల నీడన కోకో చెట్లు, కొమ్మలకు కాకుండా మొదలుకే అతుక్కుని పసుపుపచ్చ కాయలు. చాక్లెట్ చేసేది హైమావతి. ముప్పయ్యేళ్ళుంటాయి. ఆమె భర్త లోకనాథం అండమాన్‌లో ఓడల మరమ్మతు పని చేస్తూ సెలవు మీద వచ్చాడు. అతని తల్లి రాజులమ్మ అరుగు మీద కూర్చుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

“పైవోళ్ళు మా నీళ్ళు తాగరు. బొండాం దింపురా,” అంది కొడుకుతో. కిడ్నీ జబ్బుల వల్ల ఉద్దానం నీళ్ళ మీద ఎంత చర్చ జరిగిందో వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. నా సంచిలో నీళ్ళ సీసా ఉంది. దాన్ని బయటికి తీయడానికి సిగ్గేసి బొండాంతోనే నోరు పుక్కిలించాను.

హైమావతి పని చూపించింది. ఇడ్లీ పిండి రుబ్బే పెద్ద గ్రైండరులో వేయించిన గింజలు రెండు రోజులు ఆపకుండా తిరగాలి. “కరెంటు పోతే నా పేనం పోతాది మేడం,” అంది. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుందట.

“దేనిలో వేయిస్తావమ్మా?”

“మంగలంలోనే. మట్టిది. నాలుగు గుప్పిళ్ళకన్నా ఎక్కువేత్తే మాడిపోతాయి. అదొక్కటీ నాను ఎవుల్నీ సెయ్యనివ్వను.”

లోకనాథం ఇంకో బొండాం తెస్తానని లేచి వెళ్ళాడు.

బారు తెచ్చి పళ్ళెంలో పెట్టింది. నేను తుంచాను. ఠప్పున విరిగింది, ఎండు పుల్ల విరిగినట్టు. అంచు మీద పొడి రాలలేదు. వేలితో రుద్ది వాసన చూసి, చిన్న ముక్క నాలిక మీద పెట్టుకుని కొరకకుండా కళ్ళు మూసుకున్నాను. మొదట చేదు, తరువాత చిన్న ఉసిరి పులుపు, కరుగుతూ కరుగుతూ తాటిబెల్లం పాకం రుచి. ఆఖరున గొంతులో ఎక్కడో సన్నగా తగిలింది. దిక్కుమాలిన బజ్జీ, అనుకున్నాను. ఇంత మంచి చాక్లెట్ నేను మన దేశంలో తినలేదు. ఇంకో ముక్క తిన్నాను.

కళ్ళు తెరిస్తే, బొండాంతో తిరిగొచ్చిన లోకనాథంతో సహా ముగ్గురూ నా నోటి వైపే చూస్తున్నారు. “అద్భుతం,” అన్నాను. తీర్పరి అలా నోరు జారకూడదు. నిదానమే ప్రధానమని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. అయినా అనేశాను.

లోకనాథం అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. “కొత్తమాస ఎల్లిన మరసటి రోజుకి అండమాను టిక్కెట్టు తీసి ఉంచినాను మేడం. ఆ దుకాణం వోళ్ళు మా సరుకు తీసుకుంటే ఎల్లను. తీసుకోపోతే ఎల్లక తప్పదు.” హైమావతి ఆ మాట విననట్టు పళ్ళెం తుడుస్తోంది.

“మీరూ తినండి,” అని పళ్ళెం జరిపాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

“మావు తినం మేడం. కొత్తమాస రాలేదు కదా.”

ఉగాది ముందు వచ్చే అమావాస్య మా వైపు కొత్తమాస. కొత్త పంట ఆ రోజు పెద్దలకు పెట్టాకే ఇంట్లోవాళ్ళు నోట పెట్టుకోవాలి. అంతవరకూ మామిడికాయ ముట్టని ఇళ్ళు నాకూ తెలుసు. చాక్లెట్‌కి కూడా ఆ నియమం ఉంటుందని మాత్రం నేను కలలో కూడా అనుకోలేదు.

రాజులమ్మ అందుకుంది. “కోకో మొక్కలు మా ముసిలాయన ఏసినాడమ్మా. కొబ్బరి కింద ఏటి బతుకుతాదని ఊరంతా నవ్వినారు. మొదటి కాపు సూడకుండానే ఎల్లిపోయినాడు. ఆయనకి ఎట్టకుండా మావెలాగ తింటాం? మీరు పైవోరు, మీకు తప్పు లేదు.”

అంటే ఈ బార్లు చేసిన మనిషి వీటి రుచే ఎరగదు! ఉప్పు చూడకుండా ప్రసాదం వండినట్టు, వాసన పట్టుకుని, చేతికి తగిలే జిగురు పట్టుకుని చేసింది. కొత్తమాసకు ఇంకా నాలుగు రోజులుంది. పోటీ తెల్లవారితే. బార్లున్న పెట్టెకు తాడు కట్టించుకుని, అన్నం తిని, రెండున్నర ప్యాసింజరుకు కంచిలి వచ్చేశాను.

బారువ, మందస దాటేవరకూ హాయిగా ఉంది. సముద్రం వైపు నుంచి మంచి గాలి. మార్కులు కూడా మనసులో వేసేసుకున్నాను. పలాసలో బండి ఆగింది. కిటికీలోంచి జీడిపిక్కలు కాల్చే పొగ గుప్పున లోపలికొచ్చింది. ఎదుటి బల్ల మీద ఆయన దగ్గాడు. నేనూ దగ్గాను. దగ్గి, అలాగే ఉండిపోయాను.

గొంతులో అదే తగలడం. పొద్దున్న చాక్లెట్ ఆఖరున తగిలిందే, అచ్చం అదే.

పై పెదవి చివర చిమచిమలాడుతోందని అప్పుడు తెలిసింది. బజ్జీ కాదు, పాడూ కాదు. జీడిపిక్క పెంకులో జీడి అనే నల్లటి నూనె ఉంటుంది. ఒంటికి తగిలితే పొక్కిపోతుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకు ఏదో ఒకటి రాసుకోకుండా ఆ పని ముట్టరు. ఆ జీడి ఈ బార్లలోకి ఎక్కడినుంచో వచ్చింది. ఆ ఊళ్ళో గాలంతా అదే పొగ కాబట్టి నా ముక్కు దాన్ని వేరు చేయలేకపోయింది. ఇంతసేపు సముద్రపు గాలి పీల్చాక ఇప్పుడు దొరికిపోయింది.

ఓరి భగవంతుడా, ఇప్పుడేం చేయాలి! బండి పలాసలో ఎంతోసేపు ఆగదు. నోరు మూసుకుని మార్కులు తగ్గించి ఊరుకోవచ్చు. అప్పుడు హైమావతి ఎందుకు ఓడిందో ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఆ బార్లే ఊళ్ళో అమ్ముకుంటుంది, ఎవరి పిల్లల మూతులో వాస్తాయి. పోనీ ఫోన్ చేద్దామంటే, పొద్దున్న అద్భుతమన్న నోటితో ఇప్పుడు ఫోన్‌లో ఈ మాట ఎలా చెప్పను? ముందు నుయ్యి వెనక గొయ్యి. గార్డు ఈల వేశాడు. పెట్టె చంకలో పెట్టుకుని దిగిపోయాను. “అమ్మా, ఇది విజయనగరం కాదు!” అని వెనకాల ఎవరో అరుస్తున్నారు.

కాశీబుగ్గ బస్టాండులో ఇచ్ఛాపురం బస్సు నిండా జనం. కండక్టరు నా మొహం చూసి, “ఏటమ్మా, కందిరీగ కుట్టినాదా?” అన్నాడు. “నేనే కుట్టించుకున్నాను నాయనా, కంచిలికి ఒక టిక్కెట్టు,” అన్నాను. జాలిపడి తన సీటిచ్చాడు. దారి పొడుగునా పెదవి మందమవుతూనే ఉంది. నాలిక చివర నూనె పూసినట్టు మొద్దుబారింది. నాకు నిజంగా భయమేసింది. కాఫీ రుచి చూసే నాలిక అది, దాని మీదే నా ఉద్యోగం.

ఐదు దాటాక ఆటో వాళ్ళ వాకిట్లో ఆగింది. లోకనాథం నన్ను చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు. “ఏటి మేడం, ఏటన్నా మర్సిపోయినారా?”

నాకు డొంకతిరుగుడు మాటలు చేతకావు. పెట్టె అరుగు మీద పెట్టి, “ఈ బార్లలో జీడి కలిసింది. నా పెదవి చూడండి. వీటిని పోటీకి పట్టుకెళ్ళను,” అన్నాను.

అతని నవ్వు ఎగిరిపోయింది. “పొద్దున్న అద్బుతవన్నారు, ఇప్పుడు జీడంటన్నారు! మద్దిలో ఏటయిపోనాది? ఆ నగరం పార్టీ వోళ్ళు ఫోనేటైనా సేసినారా మీకు?”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “లంచం తిన్న మూతి ఇలా వాస్తుందేమో నువ్వే చెప్పు! నాకేం పనిలేక రైలు దిగి వచ్చానా?”

హైమావతి లోపలినుంచి వచ్చింది. “జీడెలాగొత్తాది మేడం? నా మంగలం నాను ఇంక దేనికీ వాడను.”

“తింటే తెలుస్తుందమ్మా. వాసనకు తెలియదు.”

ఆమె పెట్టె వైపు చూసింది. అత్తగారి వైపు చూసింది. తాడు విప్పి, ఒక బారు కాగితం చింపింది.

“ఒసే హైమా! కొత్తమాసే!” అంది రాజులమ్మ లేచి నిలబడి.

“తెలుసత్తా.” చిన్న ముక్క నోట్లో వేసుకుంది.

ముందు ఆమె మొహంలోకి వచ్చింది సంతోషం. కళ్ళు పెద్దవయ్యాయి. తన చేతి పని ఎలా ఉంటుందో ఆమెకు తెలియడం అదే మొదటిసారి. అది చూసి నేను తప్పుగా అనుకున్నానేమోనని నాకే ఆశ పుట్టింది. తరువాత ఆమె గొంతు పట్టుకుని దగ్గింది. పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేసి, కొబ్బరినూనెతో నోరు పుక్కిలించుకుని వచ్చింది.

నేరుగా మొగుడి ముందుకెళ్ళి నిలబడింది. “నాను కన్నోరింటికి ఎల్లినప్పుడు గింజలు ఎక్కడ ఏయించినావు?”

లోకనాథం తల వంచుకున్నాడు. “బస్తా గింజలు మంగలంలో అయితే ఎప్పటికి అవుతాయే? నీ బుజం నొప్పి సూడలేక, మన వోడి జీడి పాకలో డ్రమ్ముంటే అందులో ఏయించీసినాను. ముందర కొబ్బరి డొక్కలేసి రెండు మార్లు కాల్చినాను. సుబ్బరమైపోయినాదనుకున్నాను.”

“నాకెందుకు సెప్పలేదు?”

“సెప్తే ఒప్పుకుంటావేటి?”

“మరి నీకు వాసన రాలేదా అమ్మా?” అని నేను హైమావతిని అడిగాను.

“మార్చి వస్తే మా ఊరంతా అదే వాసన మేడం. మాకు అది గాలే.” అంటూ అరుగు మీద కూలబడి ఏడ్చింది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. మామూలుగా వంటింట్లో ఒక చిటికెడు నోట వేసుకుని ఉంటే అదే రోజు బయటపడేది. పెద్దాయన మీద గౌరవం కొద్దీ నోరు కట్టుకున్నారు, ఆ గౌరవమే వాళ్ళ కొంప మీదికి తెచ్చింది.

“మంగలంలో వేయించినవి ఒక్కటీ లేవా?” అన్నాను చివరికి.

హైమావతి చూపు దేవుడి గది వైపు పోయి వెంటనే వెనక్కి వచ్చింది. నేనది చూశానని రాజులమ్మ కనిపెట్టింది.

“ఉన్నాయమ్మా. ఆరు. మొదటి గింజలతో సేసినవి. అయి ఆయనవి,” అంది.

ఇంక అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే ఆ ఇంటి నుంచి ఏం లాక్కుంటున్నట్టో నాకు తెలుసు. వెళ్ళొస్తానని కూడా అనలేక అలాగే కూర్చున్నాను. చీకటి పడుతోంది. లోకనాథం పెట్టెలోని బార్లన్నీ పట్టుకెళ్ళి తోటలో గొయ్యి తవ్వుతున్నాడు.

రాజులమ్మ లేచి లోపల దీపం పెట్టింది. వచ్చేటప్పుడు చేతిలో పసుపు గుడ్డ మూట ఉంది.

“ఒసే హైమా. మీ మావ బతికుండగా మనకన్నా ముందు ఎప్పుడైనా తిన్నాడేటే?”

హైమావతి తలెత్తింది.

“ఇంట్లో అందరూ తిన్నారా అని అడిగి, అప్పుడు కంచం ముందర కూసునీవోడు. సచ్చిపోయి ముందు తింటాడేటి? ఆయన వంతు ఆకర్నే. కొత్తమాసకి ఆకర్న ఎడదాం.”

ఐదు బార్లు నా చేతిలో పెట్టింది. ఆరోది తుంచి కోడలికి ఒక ముక్క, కొడుకుని పిలిచి ఒక ముక్క ఇచ్చింది. లోకనాథం మట్టి చేతులు వెనక్కి పెట్టుకుని, “నాకొద్దమ్మా,” అన్నాడు.

“తినరా. నువ్వు తింటేగానీ మీ నాయన తినడు.”

తిన్నాడు. తిని మొహం అటు తిప్పుకున్నాడు. రాజులమ్మ తనూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. “సేదుగానే ఉన్నాది గానీ బాగున్నాది,” అని తేల్చేసింది. నాకు ఒక ముక్క కాగితంలో చుట్టి ఇచ్చి, నోరు మానాక తినమంది. మిగిలింది మళ్ళీ గుడ్డలో కట్టి లోపల పెట్టింది.

ఆ రాత్రి అక్కడే పడుకుని, తెల్లవారగట్ల కంచిలిలో రైలెక్కాను. గరివిడి చిమ్నీలు దాటేసరికి ఎండ చుర్రుమంటోంది. బార్లు కరుగుతాయేమోనన్న భయంతో పెట్టెను తడిగుడ్డ చుట్టిన సంచిలో పెట్టి ఒళ్ళోంచి దించలేదు. విజయనగరం కంటోన్మెంటులో హోటల్ గది. మిగతా తీర్పరుల్లో ఒకాయన హోటళ్ళలో కేకులు చేసే పెద్ద వంటవాడు, ఇంకో అమ్మాయి తిండి మీద పత్రికల్లో రాస్తుంది. నా మూతి చూసి ఇద్దరూ కంగారుపడ్డారు. ముందు దుకాణం యజమానిని పక్కకు పిలిచి జరిగిందంతా దాచకుండా చెప్పాను. నాలిక మొద్దుబారింది కాబట్టి నా మార్కులు లెక్కలోకి రావని కూడా చెప్పాను.

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. “డ్రమ్ములో వేయించినవాళ్ళ సరుకు రేపు నా దుకాణంలో ఎలా పెట్టమంటారండీ? నా పేరు పోదా?” అన్నాడు. అది అన్యాయమైన మాటేం కాదు. “రుచి చూశాక మాట్లాడదాం,” అన్నాను.

మూడు పళ్ళాలు వచ్చాయి. కేకులాయన మొదటి రెండూ రుచి చూసి ఏదో రాసుకున్నాడు. మూడోది నోట్లో వేసుకుని కలం పక్కన పెట్టేశాడు. ఆ అమ్మాయి అడక్కుండానే రెండో ముక్క తీసుకుంది. నేను గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

యజమాని చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. గింజలన్నీ మంగలంలోనే వేయించాలి. ఎన్ని అయితే అన్నే తీసుకుంటాడు. ఎక్కువ కావాలని తొందరపెట్టడు, ఎక్కువిస్తామంటే నమ్మడు.

సాయంత్రం విశాఖ ప్యాసింజరులో కొత్తవలసకు బయల్దేరాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఉద్దానం మార్చిలో చూడండి. తోటలు అప్పుడే అందంగా ఉంటాయి. ఎవరైనా చేత్తో చేసింది పెడితే, బాగుందనడానికి ముందు కాస్త ఆగండి. మన నోటి మాట మీద ఒక మనిషి ఉండాలో ఊరొదిలి పోవాలో తేలే ఇళ్ళున్నాయి. నాకు ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా పని అంటే భయమేయడం ఇదే మొదటిసారి.

కోరుకొండ దాటాక ఫోన్ కలిసింది. లోకనాథం ఎత్తాడు. ఫలితం చెప్పాను. షరతు కూడా చెప్పాను. మంగలంలో అయ్యే కాసిన్ని బార్లతో ఇల్లు గడుస్తుందా? నాకు తెలియదు. అతనికీ తెలియదు.

“ఎల్లను మేడం,” అన్నాడు. “ఒక్క సెయ్యితో అవ్వదు. దానికి బుజం నొప్పి. డ్రమ్ము కాడికి అట్టుకెల్లింది నానే గదా, మంగలం కాడ నానే కూసుంటాను.”

వెనకాల హైమావతి ఏదో అంటోంది, ఏడుపో నవ్వో తెలియలేదు. ఫోన్ రాజులమ్మ చేతికి మారింది.

“అక్కడ అందరూ తిన్నారా తల్లీ?”

“తిన్నారమ్మా. రెండో ముక్క కూడా తీసుకుని తిన్నారు.”

“మరి మీరో?”

“నా నోరింకా మానలేదమ్మా. ముక్క సంచిలోనే ఉంది.”

“అలాగైతే ఎలాగమ్మా? అందరూ తింటేగానీ ఆయన తినడు గదా. కొత్తమాస దగ్గరికొచ్చీసినాది.”

ఫోన్ చెవికి ఆనించుకునే ఒంటి చేత్తో సంచి వెతికి కాగితం విప్పాను. రోజంతా ప్రయాణానికి ముక్క మూలలు మెత్తబడ్డాయి. నోట్లో పెట్టుకున్నాను. చేదు తెలియలేదు, పులుపు తెలియలేదు, బెల్లం పాకమూ తెలియలేదు. మొద్దు నాలిక మీద మెల్లగా కరిగింది. మింగి, నిన్నటిలా తొందరపడకుండా, గొంతులో ఏమవుతుందా అని ఆగాను. అలమండ స్టేషన్ వచ్చి వెళ్ళిపోయింది.

“తిన్నానమ్మా,” అన్నాను.

“ఎలాగున్నాది?”

“రుచి తెలియడం లేదు. గొంతులో మాత్రం ఎక్కడా తగల్లేదు.”

“సాల్లే తల్లీ,” అంది రాజులమ్మ. “ఇంక ఆయనకి ఎడతాను.”